నాలుగు గంటల్లో నిండే జలాశయం

2022 జులై 13న నిర్మల్ జిల్లా కడెం ప్రాజెక్టు మీదున్న ఇంజినీర్ల ముందున్నది ఒక తీసివేత లెక్క. పైనుంచి వస్తున్న నీరు 5 లక్షల క్యూసెక్కుల పైమాట. గేట్లన్నీ ఎత్తితే కిందికి పోగలిగింది దాదాపు 3 లక్షలు. ఆ గేట్లు 18. అందులో ఒకటి లేవనే లేదు. మిగిలిన నీరంతా ఆనకట్ట వెనక నిలబడాలి, లేదంటే ఆనకట్ట మీదుగా దూకాలి.

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, 28 లీటర్ల చిల్లర. అలాంటివి రెండు లక్షలు గంటసేపు అదనంగా వస్తే పోగయ్యేది ముప్పాతిక టీఎంసీకి (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) కాస్త తక్కువ. కడెం జలాశయం కట్టిన రోజుల్లో పట్టిన నీరే 7.6 టీఎంసీలు. దశాబ్దాల పూడిక తర్వాత అంత కూడా పట్టదు. పూడిక సంగతి పక్కనబెట్టి, చుక్క నీరు లేకుండా ఎండి ఉందనుకున్నా, 5 లక్షల క్యూసెక్కులు వచ్చిపడి గేట్లు ఎత్తకపోతే నాలుగు గంటల చిల్లరలోనే అంచుదాకా నిండుతుంది. గోదావరి మీద ఎగువన ఉన్న 80 టీఎంసీల శ్రీరాంసాగర్‌కు ఉన్న తీరిక దీనికి లేదు. అక్కడ రేపటి వరదకు ఇవాళ చోటు చేసుకోవచ్చు. కడెంలో తెల్లవారుజామున తీసుకోవాల్సిన నిర్ణయం టిఫిన్ వేళకు పనికిరాకుండా పోతుంది.

కడెం వాగు బోథ్ వైపు గుట్టల్లో పుట్టి, కుంటాల దగ్గర జలపాతమై దూకి, గోదావరిని చేరేదాకా పరుగు ఆపదు. దాని పరీవాహకం రెండున్నర వేల చదరపు కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. 5 లక్షల క్యూసెక్కుల ప్రవాహాన్ని ఆ మొత్తం విస్తీర్ణం మీద పరిచి చూస్తే గంటకు దాదాపు 2 సెంటీమీటర్ల నీరు. అడవి, చేను, రాతిగుట్ట అన్న తేడా లేకుండా ప్రతి గజం నుంచీ గంటకు అంత నీరు వాగులోకి జారాలన్నమాట. నాలుగైదు రోజులుగా విడవని ముసురుకు నల్లరేగడి అప్పటికే తాగగలిగినంతా తాగేసింది. ఆ తర్వాత పడిన వాన నేలకు సంబంధించినది కాదు, నేరుగా వాగుకు సంబంధించినది.

దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు. నీరు గేట్ల మీదుగా పొర్లింది. ఎడమ కాలువ వైపు గండి పడి కొంత వరద అటు దారి చూసుకుంది. ఎగువన వాన కాస్త తెరిపి ఇచ్చింది. ఆనకట్ట నిలిచింది. దేవుడి దయ అన్నారు చాలామంది. ఆ దయలో ఎడమ గట్టు గండికి కూడా వాటా ఉంది.

ఈ ఆనకట్టకు ఇది కొత్త కాదు. కట్టుబడి సాగుతుండగానే 1958 ఆగస్టులో వరద దీని మీదుగా పోయింది. గట్టు పైఅంచుకు 46 సెంటీమీటర్ల ఎత్తున నీరు పారి, ఎడమవైపు మట్టికట్టకు 137 మీటర్ల వెడల్పున గండి కొట్టింది. కుడివైపు మరో రెండు గండ్లు పడ్డాయి. కట్టకు భద్రత కోసం వదిలిన ఎడం 2.4 మీటర్లు; వచ్చిన వరద దాన్ని మింగి ఇంకా పైకి లేచింది. మట్టికట్ట మీదుగా నీరు దూకితే ఏమవుతుందో భారతదేశంలో ఇంజినీరింగ్ విద్యార్థులకు చెప్పే ఉదాహరణల్లో కడెం ఒకటి. కాంక్రీటు పొర్లింపును కొంతసేపు ఓర్చుకుంటుంది. మట్టి ఓర్చుకోదు. దిగువ వాలు మీద నీరు ముందు చిన్న చాళ్లు గీస్తుంది, చాళ్లు కలిసి కయ్య అవుతాయి, కయ్య వెనక్కి తినుకుంటూ కట్ట శిఖరం దాకా వస్తుంది. అక్కడినుంచి ఇక చేయగలిగిందేమీ ఉండదు.

ఏడాది తిరిగింది. 2023 జులై 27న మళ్లీ వరద వచ్చింది. ఈసారి ఇన్‌ఫ్లో 3.8 లక్షల క్యూసెక్కుల పైచిలుకు, అంటే నిరుటికంటే తక్కువే. కానీ నాలుగు గేట్లు మొరాయించాయి. మళ్లీ గేట్ల మీదుగా నీరు, మళ్లీ దిగువ పల్లెల్లో మూటాముల్లె సర్దుకోవడం. 2022లో తప్పు ఆకాశానిది అనుకుందాం. 2023లో వరద చిన్నదే. పెద్దదైంది గేట్ల సమస్య. గేర్లు, తాళ్లు, కౌంటర్ వెయిట్లు, మోటార్లు, వాటిని ఎత్తడానికి చాలినంత మంది మనుషులు: ఇవేవీ వాతావరణ మార్పు సదస్సుల్లో చర్చకు వచ్చే విషయాలు కావు. ఉత్తర తెలంగాణలో విపత్తు తీవ్రతను తేల్చేవి మాత్రం చాలాసార్లు ఇవే. ఆ తర్వాత గేట్లకు మరమ్మతులు చేశారు. రెండు వరదల మధ్య వచ్చిన ఎండాకాలంలో అవి ఎందుకు పూర్తికాలేదన్నదే అడగాల్సిన ప్రశ్న.

ఏ ఆనకట్టకైనా, వంతెనకైనా, మురుగుకాలువకైనా వెనక ఒక ఊహ ఉంటుంది. గడిచిన వానల రికార్డు చూసి, రాబోయే వానలు ఇంచుమించు ఇలాగే ఉంటాయని అనుకుని గీసిన ఊహ. నూరేళ్ల వరద అనే మాట అలా పుట్టిందే. నూరేళ్లకోసారి వస్తుందని కాదు దాని అర్థం. ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి అని. ఒక ఇంజినీరు ఉద్యోగంలో చేరి రిటైరయ్యే 30 ఏళ్లలో దాన్ని కనీసం ఒకసారి చూసే అవకాశం నాలుగింట ఒక వంతుకు పైనే. వాన స్వభావం మారకపోతేనే ఈ మాత్రం లెక్క. వాన స్వభావం మారుతోంది.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. ఇది 19వ శతాబ్దం నుంచీ తెలిసిన భౌతికశాస్త్రం. అరేబియా సముద్రం వేడెక్కుతున్న కొద్దీ అక్కడినుంచి వచ్చే రుతుపవనాల్లో తడి పెరుగుతోంది, ఒడిదుడుకులూ పెరుగుతున్నాయి. పుణేలోని ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో ప్రచురించిన పరిశోధన ప్రకారం 1950 నుంచి 2015 దాకా మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానలు మూడు రెట్లయ్యాయి. మొత్తం వాన మాత్రం తగ్గింది. ఆదిలాబాద్ ఆ పట్టీకి దక్షిణపు అంచున ఉంది. అక్కడి రైతుకు ఇది పరిశోధనాపత్రం చదివి తెలుసుకోవాల్సిన సంగతి కాదు. పత్తి మొలక ఎండి మళ్లీ గింజ పెట్టిన నెలకే అదే చేను మునగడం ఇప్పుడు ఒకే సీజన్‌లో జరిగిపోతోంది.

2022 వరదల తర్వాత అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు భద్రాచలంలో మాట్లాడుతూ క్లౌడ్ బరస్ట్ వెనక విదేశీ కుట్ర ఉండొచ్చనే అనుమానం చెప్పారు. దేశమంతా ఆ మాట మీద పడింది. కుట్ర మాటెలా ఉన్నా అది అసలు క్లౌడ్ బరస్టే కాదు. ఇరవై ముప్పై చదరపు కిలోమీటర్ల జాగాలో గంటకు 100 మిల్లీమీటర్లు కురిస్తేనే వాతావరణ శాఖ దాన్ని అలా పిలుస్తుంది. ఆ జులైలో జరిగింది వేరు. మహారాష్ట్ర విదర్భ నుంచి తెలంగాణ దాకా రోజుల తరబడి, వేల చదరపు కిలోమీటర్ల మేర ఎడతెగని వాన. వార్ధా, వైన్‌గంగ కలిసిన ప్రాణహిత, కడెం, మానేరు ఒకేసారి పొంగి గోదావరిలో కలిశాయి. జులై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులు చేరింది. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తర్వాత అక్కడ నమోదైన పెద్ద వరద అదే. అంతకు రెండు రోజుల ముందు కాళేశ్వరం ఎత్తిపోతల కన్నెపల్లి, అన్నారం పంప్‌హౌసుల్లోకి నీరు చొరబడి మోటార్లను ముంచింది. నీటిని ఎత్తడానికి నది ఒడ్డున కట్టిన కేంద్రం, నది పైకి లేస్తే ఏమవుతుందన్న లెక్క దగ్గరే దొరికిపోయింది.

ఇక 2023 జులై 26 ఉదయం నుంచి 27 ఉదయం దాకా ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో పడిన వాన 649.8 మిల్లీమీటర్లు. రాష్ట్రంలో ఏడాదంతా కురిసే సగటు వాన 900 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అందులో మూడింట రెండొంతులకు మించి ఒక్క పగలు, ఒక్క రాత్రి. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలో జనం తెల్లవారేసరికి ఇంటి కప్పుల మీద ఉన్నారు. హెలికాప్టర్లు, పడవలు వచ్చి దించాల్సి వచ్చింది. ఇలాంటి వానను తట్టుకునే మురుగుకాలువను ఏ పట్టణమూ కట్టలేదు, కట్టనక్కర్లేదు కూడా. కట్టాల్సింది కాలువ కాదు, ఊరు కదలడానికి దొరికే సమయం.

సమయం దొరికితే ఏమవుతుందో చూపించే ఉదాహరణ కరీంనగర్ పక్కనే ఉంది. 2016 సెప్టెంబరు చివరి వారంలో, మాన్వాడ దగ్గర ఇంకా కడుతున్న మధ్య మానేరు జలాశయం మట్టికట్టకు గండి పడింది. అంతకుముందే వరద పెరుగుతున్న తీరు చూసి అధికారులు దిగువ పల్లెలను ఖాళీ చేయించారు. చీకట్లో సామాన్లు, పశువులు, ముసలివాళ్లతో జనం గట్టు ఎక్కారు. కట్ట పోయింది, పొలాలు పోయాయి, మనుషులు మిగిలారు. వరుస కరువు ఏళ్ల తర్వాత దిగువన లోయర్ మానేరులో చోటుండటం కూడా కలిసొచ్చింది. అది నిండి ఉంటే కథ వేరుగా ఉండేది. 24 టీఎంసీల లోయర్ మానేరుకు కొద్ది కిలోమీటర్ల కిందనే కరీంనగర్ నగరం ఉంది. 2023లో తెరిచిన తీగల వంతెన, మానేరు ఒడ్డున తలపెట్టిన రివర్ ఫ్రంట్, సాయంత్రాలు షికారుకు వచ్చే కుటుంబాలు, అన్నీ ఆ కట్ట నీడలోనే. నది ఒడ్డును ఉద్యానవనంగా మార్చే నగరం, గేట్లు ఎత్తే గంట ముందు ఆ ఉద్యానవనాన్ని ఎవరు, ఎలా ఖాళీ చేయిస్తారో కూడా గీసి పెట్టుకోవాలి.

దేశంలో 5 వేలకు పైగా పెద్ద ఆనకట్టలున్నాయి. వాటిలో వెయ్యికి పైగా 50 ఏళ్లు దాటినవి. 2021 డిసెంబరులో వచ్చిన ఆనకట్టల భద్రతా చట్టం ప్రతి పెద్ద ఆనకట్టకూ అత్యవసర కార్యాచరణ ప్రణాళిక ఉండాలంటోంది. ఎంత నీరు వదిలితే ఏ ఊరు ఎన్ని గంటల్లో మునుగుతుందో చూపే పటం అందులో భాగం. పాతవాటికే ఇవన్నీ అనుకోవడం పొరపాటు. 28 లక్షల క్యూసెక్కుల వరద లెక్కతో గోదావరి మీద కట్టిన మేడిగడ్డ బ్యారేజీ 2022 జులైలో ఆ అంచుదాకా వచ్చిన వరదను చూసింది. ఆ తర్వాత 2023 అక్టోబరులో, పెద్ద వరదేమీ లేని సమయంలో, ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. డిజైను, నిర్మాణం, నిర్వహణ మూడింటిలోనూ లోపాలున్నాయని జాతీయ ఆనకట్టల భద్రతా ప్రాధికార సంస్థ చెప్పింది. అప్పటికి బ్యారేజీ వయసు ఐదేళ్లు కూడా నిండలేదు.

పట్టణాల కథ పెద్ద ఆనకట్టలతో మొదలుకాదు. నిర్మల్ చుట్టూ గొలుసుకట్టు చెరువులు ఉండేవి. ఒక చెరువు మత్తడి దూకిన నీరు కిందిచెరువుకు, అక్కడినుంచి ఇంకో చెరువుకు, చివరికి వాగుకు. వరదను ఒక్క చోట ఆపకుండా విడతలుగా నిలిపి, విడతలుగా వదిలే ఏర్పాటు ఇది. శిఖం భూముల్లో ప్లాట్లు వెలిసి, మత్తడి కాలువలు సందులై, ఆ గొలుసు తెగింది. 2021 జులైలో నిర్మల్ పట్టణం జీఎన్‌ఆర్ కాలనీలో ఇళ్లు మునిగి జనాన్ని పడవల్లో తరలించారు. రెండు నెలలు తిరక్కుండానే సిరిసిల్ల వీధుల్లో అదే దృశ్యం. మంచిర్యాలలో అయితే గోదావరి ఒడ్డుకు దగ్గరగా కట్టిన మాతా శిశు ఆసుపత్రిలోకి 2022 జులైలో వరద వచ్చి బాలింతలను, పసికందులను వేరే చోటికి మార్చారు. మరుసటి ఏడు వరద భయంతో మళ్లీ మార్చారు. ఆపదలో జనం పరుగెత్తుకు రావాల్సిన భవనమే ముందు ఖాళీ చేయాల్సినదైతే, దాన్ని ఆ జాగాలో కట్టమన్న ఫైలు మీద సంతకం చేసినవారు ఆ ఒడ్డున 1986లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఒక్క ముసలాయన్ని అడిగినా సరిపోయేది. మిషన్ కాకతీయ కింద 2015 నుంచి చెరువుల పూడిక తీశారు, మంచిదే. పట్టణాల్లో లోపం పూడికలో కాదు, మత్తడి దారిలో ఉంది.

గిరిజన ఏజెన్సీలో లెక్క మళ్లీ వేరు. ఆసిఫాబాద్, ఉట్నూర్, తిర్యాణి వైపు గూడేలకు వరద అంటే మునగడం కంటే తెగిపోవడం. లోలెవల్ కాజ్‌వే మీద మోకాలెత్తు నీరు చేరితే చాలు, ఆసుపత్రి, బియ్యం, బడి అన్నీ అవతలి ఒడ్డున ఉండిపోతాయి. పారే నీటిలో రెండడుగుల లోతు చాలు కారును తేల్చి పక్కకు తోసేయడానికి. టైర్లలో, క్యాబిన్‌లో ఉన్న గాలే దాన్ని పైకి లేపుతుంది. ఆ 2022 జులైలోనే జగిత్యాల జిల్లా రాయికల్ మండలంలో వరద వార్తలకు వెళ్లిన ఒక విలేకరి కారుతో సహా కొట్టుకుపోయాడు. దహెగాం మండలంలో చిక్కుకున్నవారిని కాపాడటానికి వెళ్లిన సింగరేణి రెస్క్యూ సిబ్బంది ఇద్దరు పెద్దవాగులో ప్రాణాలు పోగొట్టుకున్నారు. బొగ్గుబావుల్లో గ్యాసు, మంట, పైకప్పు కూలడం వంటి ప్రమాదాలకు తర్ఫీదైన మనుషులు వాళ్లు. వాగుకు వాళ్లను పంపాల్సి రావడమే ఆ రోజుల్లో దగ్గర్లో ఇంకెవరూ లేరన్న దానికి సాక్ష్యం. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఉన్న జాతీయ విపత్తు దళం పదో బెటాలియన్ స్థావరం విజయవాడ పక్కన. తెలంగాణ సొంత రాష్ట్ర విపత్తు దళం 2024 డిసెంబరులో మొదలైంది.

దళాలకంటే ముందు పనిచేసేది జాబితా. ప్రసవం తేదీ దగ్గరపడ్డ గర్భిణులు ఏ గూడెంలో ఎందరున్నారో ఆశా కార్యకర్త దగ్గర ఉంటుంది. వాగు పొంగకముందే వాళ్లను ఆసుపత్రికి చేర్చి ఉంచడం ఇటీవలి వానాకాలాల్లో అలవాటుగా మారింది. దీనికి హెలికాప్టర్ అక్కర్లేదు. వాతావరణ హెచ్చరిక ఆమె ఫోన్‌కు అర్థమయ్యే మాటల్లో రావాలి, జీపుకు డీజిల్ ఉండాలి. రాష్ట్ర ప్రణాళికా సంస్థకు వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి; మండలానికి ఒకటికి మించి. గంట గంటకూ లెక్క వస్తుంది. ఆ లెక్క గుడ్డిగా రంగుల పటమై వాట్సాప్‌లో తిరగడానికీ, ఒక కాజ్‌వేకు అడ్డంగా గొలుసు కట్టించడానికీ మధ్య ఉన్న దూరమే అసలు దూరం.

జులైలో పడవలు తిరిగే ఈ నేలే మే నెలలో దేశపు నిప్పుల కొలిమి. ఆదిలాబాద్, జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాల్లో 45 డిగ్రీలు దాటడం ఏటా మామూలు. సముద్రం దూరం. రాజస్థాన్, విదర్భల మీదుగా వచ్చే పొడిగాలికి అడ్డు లేదు. రామగుండం, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గు బెల్టులో ఓపెన్‌కాస్టు గనులు, పచ్చిక మొలవని మట్టిదిబ్బలు, నల్లటి బొగ్గు కుప్పలు ఎండను మింగి రాత్రిదాకా కక్కుతూ ఉంటాయి. చెట్టుంటే ఆ ఎండలో కొంత ఆకుల తడిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. చెట్టు లేనిచోట ఖర్చు లేదు, అంతా వేడిగానే మిగులుతుంది.

శరీరం దీన్ని ఎలా ఓర్చుకుంటుంది? బరువైన పని చేసే మనిషి ఒళ్లు దాదాపు 400 వాట్ల వేడి పుట్టిస్తుంది. చర్మం కంటే గాలి చల్లగా ఉంటే ఆ వేడి గాలిలోకి పోతుంది. 45 డిగ్రీల్లో వ్యవహారం తిరగబడి గాలే వేడిని లోపలికి తోస్తుంది. మిగిలిన ఒకే దారి చెమట. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడి పోతుంది. పనిలో పుట్టిన వేడికే గంటకు అరలీటరు దాటుతుంది, ఎండ కాసే వేడికి ఇంకా కలపాలి. నీరూ ఉప్పూ అందినంతసేపు పొడి ఎండలో ఈ యంత్రం నడుస్తుంది. జొన్న అంబలి, ఉల్లిగడ్డ, ఉప్పేసిన సల్ల తాగి చేనుకు పోయే అలవాటులో ఈ లెక్కంతా ఉంది. సింగరేణి గనుల్లో ఎండాకాలం మజ్జిగ ప్యాకెట్లు పంచేదీ ఇందుకే.

అయితే రోహిణి కార్తె ఎండకంటే దాని వెనకొచ్చే నాలుగు రోజులు మరింత మోసకారివి. జూన్ మొదట్లో రెండు జల్లులు పడి ఆగిపోతాయి. ఎండ 40కి దిగుతుంది, గాలిలో తడి పెరుగుతుంది, చెమట ఆరదు. ఆవిరవని చెమట కారిపోవడమే తప్ప చల్లబరచదు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే ఉష్ణోగ్రత 35కు చేరితే ఆరోగ్యవంతుడు నీడలో కూర్చున్నా కొన్ని గంటలకు మించి బతకడని శాస్త్రం చెబుతూ వచ్చింది. అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం 2022లో యువకులపై చేసిన ప్రయోగాల్లో ఆ గీత 31 దగ్గరే కనిపించింది. థర్మామీటరు 46 చూపిన రోజు పత్రికల్లో ఫొటో వస్తుంది. 40 చూపిన ఉక్కపోత రోజుకు ఆ గౌరవం దక్కదు.

2015 వేసవిలో దేశంలో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వారే. తెలంగాణ లెక్క 541. మరుసటి ఏడు 324, 2017లో 108. తగ్గుదల నిజమే కావచ్చు: పనివేళలు మార్చారు, చలివేంద్రాలు పెట్టారు, ఓఆర్ఎస్ పంచారు. కానీ ఈ అంకె ఎలా తయారవుతుందో కూడా చూడాలి. మండలంలో తహసీల్దారు, ఎస్సై, వైద్యాధికారి ముగ్గురూ కలిసి ధ్రువీకరిస్తేనే అది వడదెబ్బ మరణం. పొలం గట్టున కూలిపోయిన వ్యక్తికి పోస్టుమార్టం అక్కర్లేదని ఇంటివాళ్లు దహనం చేస్తే లెక్కలోంచి కూడా పోతాడు. గుండెజబ్బు ఉన్న వృద్ధురాలు మూడో రాత్రి వేడికి పోతే ఆమె ఖాతా గుండెపోటుదే. అహ్మదాబాద్‌లో 2010 మే వడగాడ్పుల తర్వాత పరిశోధకులు కారణం అడగకుండా నగరంలో జరిగిన మొత్తం మరణాలు లెక్కపెట్టారు. మామూలు మే నెలకంటే 1,344 ఎక్కువ తేలాయి. ఆ అంకె చూశాకే 2013లో ఆ నగరానికి వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక వచ్చింది, తర్వాత దేశమంతా దాన్నే అనుసరించింది. కరీంనగర్‌లోనో మంచిర్యాలలోనో మున్సిపాలిటీ మరణాల రిజిస్టరును ఇలా తిరగేయడానికి పెద్ద నిధులేం పట్టవు.

కేంద్రం విపత్తు సహాయ నిధి జాబితాలో తుపాను, వరద, భూకంపం, మంచుచరియలు, చలిగాలి వరకూ ఉన్నాయి, 2025 నాటికి వడగాడ్పు మాత్రం లేదు. చలిలో 5 డిగ్రీల లోపునూ, ఎండలో 45 పైనా చూసే ఆదిలాబాద్ వాసి ఈ జాబితా ప్రకారం డిసెంబరులో బాధితుడు, మేలో కాదు. రాష్ట్రాలు తమ వాటా నిధిలో 10 శాతం దాకా స్థానిక విపత్తులకు వాడుకోవచ్చు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ఆ వెసులుబాటుతో వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. ఆపద్బంధు కింద 50 వేలుగా ఉన్న పరిహారం 4 లక్షలైంది. పరిహారం పెరగడంతో ఒక ఉపఫలం ఉంటుంది: దాచిన మరణాలు బయటికొస్తాయి. రాబోయే ఏళ్లలో అంకె పెరిగితే ఎండ పెరిగిందనే కాకుండా లెక్క మెరుగైందని కూడా చదువుకోవాలి.

వేళ మార్చడం అన్నిటికంటే చవకైన మందు. ఉపాధి హామీ పని పొద్దున ఆరింటికి మొదలై పదకొండుకు ముగిస్తే సగం ప్రమాదం తప్పుతుంది. అయితే 2023 జనవరి నుంచి హాజరు కోసం యాప్‌లో రోజుకు రెండుసార్లు, నాలుగు గంటల ఎడంతో ఫొటో తీయడం తప్పనిసరైంది. కొలత ప్రకారం పని త్వరగా ముగించుకున్న కూలీ కూడా రెండో ఫొటో కోసం ఎండలో కూర్చోవాల్సిన పరిస్థితి. ఒక శాఖ ఓఆర్ఎస్ పంచుతుంటే ఇంకో శాఖ నీడలోకి పోనివ్వదు.

డబ్బు విషయంలో ఒక మార్పు వచ్చింది. పదిహేనో ఆర్థిక సంఘం 2021–26 కాలానికి విపత్తు నిధుల్లో 80 శాతం సహాయానికి, 20 శాతం ముందస్తు నివారణకు కేటాయించమంది. అంతకుముందు నివారణకు ప్రత్యేక ఖాతానే లేదు. ముందు పెట్టిన ఖర్చు ఏం చేస్తుందో ఒడిశా చూపించింది. 1999 మహా తుపానులో దాదాపు 10 వేల మంది పోయారు. తుపాను ఆశ్రయాలు, హెచ్చరికలు, ఊరూరా కవాతులు అలవాటయ్యాక 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు మృతులు 50 లోపే. ఫైలిన్ చిన్నదేం కాదు. తుపాను అయితే నాలుగు రోజుల ముందు కనిపిస్తుంది. కడెం వాగుకు, మోరంచ వాగుకు ఆ ముందుచూపు గంటల్లో ఉంటుంది. ఇక్కడి ఏర్పాటు కోస్తాకంటే వేగంగా, మరింత కింది స్థాయిలో ఉండక తప్పదు.

మళ్లీ ఎండ వైపు తిరిగి ఇంటి కప్పు దగ్గరికి వస్తే, తెలంగాణ దేశంలో ముందుంది. 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానం ప్రకటించింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పును ఎండ తిప్పికొట్టేలా మార్చాలని లక్ష్యం. అందులో 200 హైదరాబాద్‌కే. తెల్లటి పూత ఎండను వెనక్కి పంపి ఇంట్లో వేడిని రెండు నుంచి ఐదు డిగ్రీలు తగ్గించగలదు. ఒకప్పటి గూన పెంకుటిళ్లలో మట్టి, పెంకుల మధ్య గాలి ఈ పని చేసేవి. వాటి స్థానంలో స్లాబులు, రేకులు వచ్చాయి. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు దాటిన ఇళ్లకు ఈ కప్పు తప్పనిసరి. నివాసయోగ్యత పత్రం ఇచ్చేటప్పుడు చూస్తారు. చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. సిరిసిల్లలో రేకుల షెడ్ల కింద సాంచాలు (మరమగ్గాలు) నడిపే కార్మికులు పన్నెండేసి గంటలు ఉంటారు. లోపల సాంచాల వేడి, పైన రేకు వేడి, దారం తెగకుండా ఉండాలని ఫ్యాన్ గాలి కూడా అంతంతే. ఆ షెడ్లలో చాలావరకు కట్టి దశాబ్దాలైంది, కొత్తగా పత్రం అడిగే పని లేదు. ఉట్నూర్ గూడేల్లో ఇల్లు కట్టి పత్రం కోసం ఎవరూ రారు. విధానం తలుపు తట్టేది కాగితం అడిగినవాళ్లది కాబట్టి, ఈ రెండు కప్పులకూ సున్నం డబ్బా వేరే దారిలో పోవాలి: మున్సిపాలిటీ నుంచి సాంచాల యజమానికి, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ నుంచి గూడేనికి, ఫిబ్రవరి దాటకముందే.